తూర్పు కనుమల అడవులు, వాటిలోని మొక్కల జట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొండల్లో మొక్కలు చూడ్డానికి నా వెంట వచ్చేవాళ్ళు దాదాపు అందరూ అడిగే మొదటి మాట, "ఇక్కడ ఎన్ని రకాల చెట్లున్నాయండీ?" అని. ఆ లెక్కా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఏ చెట్టు పక్కన ఏ చెట్టు ఉంది, అది ఏ వాలులో, ఏ రాతి మీద ఉంది అన్నది ఎక్కువ ఆసక్తి. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

తూర్పు కనుమలు చిన్న కొండలు కదా! వీటిని పర్వత అడవులు అనొచ్చా?

అనొచ్చు. హిమాలయాన్ని మనసులో పెట్టుకుంటే ఇవి గుట్టల్లా కనిపిస్తాయి. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జిందగడ శిఖరం ఎత్తు 1,700 మీటర్లకు కాస్తే తక్కువ. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో సిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో అదే ఎత్తైనది. ప్రతి వంద మీటర్లు పైకెళ్ళేకొద్దీ వేడి సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ సముద్రతీరం నుంచి 900 మీటర్ల ఎత్తున్న అరకు వెళ్తే ఐదారు డిగ్రీల తేడా. మొక్కలకు అది చిన్న తేడా కాదు.

ఇంకో సంగతి. పడమటి కనుమలు గోడలా నిలబడి ఉంటాయి. మనవి ఒడిశాలో మహానది దగ్గర నుంచి తమిళనాడు దాకా ముక్కలు ముక్కలుగా ఉంటాయి. గోదావరి పాపికొండల దగ్గర, కృష్ణ నల్లమల దగ్గర వీటిని కోసుకుని వెళ్ళాయి. అందువల్ల ఒక ముక్కలో ఉన్న అడవి పక్క ముక్కలో ఉంటుందని నమ్మకం లేదు. ఈ కొండల అందం నాకు కనిపించేది అక్కడే.

మొక్కల సముదాయం అంటే? ఒకచోట ఉన్న మొక్కలన్నీ సముదాయమేనా?

ఒకచోట ఉండటం ఒక్కటే చాలదు, మళ్ళీ మళ్ళీ కలిసి కనిపించాలి. పెళ్ళిళ్ళలో చూడండి, ఎక్కడికెళ్ళినా కొందరు బంధువులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ నలుగురిలో ఇద్దరు కనిపిస్తే మిగిలిన ఇద్దరూ దగ్గర్లోనే ఉంటారని చెప్పేయొచ్చు. అడవిలోనూ అంతే. నల్లమలలో నల్లమద్ది, చిరుమాను కనిపించాయంటే చెన్నంగి, తునికి కోసం వెతకండి, దొరుకుతాయి.

మారేడుమిల్లి దగ్గర ఒక గెడ్డ ఒడ్డున (మన్యంలో వాగును గెడ్డ అంటారు) నిలబడ్డప్పటి దృశ్యం చెబుతాను. అది మార్చి నెల. నీళ్ళకు రెండు పక్కలా అడవి మామిడి, జీలుగు, సంపెంగ, వాటి మీద పాకిన గిల్లతీగ. కింద ఫెర్న్‌లు, చేతికి తడి తగిలే నాచు. మధ్యాహ్నం పన్నెండుకీ నేల మీద ఎండ చిల్లర నాణాలు చల్లినట్టే ఉంది. అక్కడి నుంచి వాలు ఎక్కడం మొదలుపెట్టి నూట యాభై అడుగులు వేశానో లేదో, కాలికింద ఎండుటాకులు గలగలమన్నాయి. పైన కొండతంగేడు, నల్లమద్ది, వేగిస, ముళ్ళ వెదురు. సగం చెట్లకు ఆకే లేదు. వాన ఒకటే, ఎత్తు దాదాపు ఒకటే. నూట యాభై అడుగుల్లో రెండు సముదాయాలు.

ఈ గీత చూడాలంటే లోపలికి పోనక్కర్లేదు కూడా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఘాట్ రోడ్డు మలుపు దగ్గర ఆగి ఎదుటి కొండ చూడండి. కొండంతా గోధుమ రంగులో ఉంటుంది, మడతల వెంట మాత్రం పచ్చటి గీతలు కిందికి దిగుతుంటాయి. ఆ గీతలన్నీ గెడ్డలే.

మొత్తం ఎన్ని రకాల అడవులున్నాయి?

అటవీశాఖ వాళ్ళు వాడే వర్గీకరణ ఛాంపియన్, సేథ్ అనే ఇద్దరు 1968లో సవరించి ఇచ్చినది. వాన, ఉష్ణోగ్రత, చెట్ల తీరు చూసి దేశంలోని అడవులను 16 పెద్ద గుంపులుగా విడగొట్టారు. మన కొండల్లో వాటిలో నాలుగు బాగా కనిపిస్తాయి. తడి ఎక్కువ ఉన్న వైపు నుంచి మొదలుపెడతాను.

అర్ధ సతత హరిత అడవి. మారేడుమిల్లి, అనంతగిరి, చింతపల్లి వైపు గెడ్డల వెంట, నీడ వాలుల్లో ఉంటుంది. కొన్ని చెట్లు ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, కొన్ని కొద్దిరోజులు ఆకు రాలుస్తాయి. తీగలు లావు. చెట్ల మీద ఆర్కిడ్‌లు ఉంటాయి. ఊళ్ళలో వీటిలో కొన్నిటిని బదనిక అనే పిలుస్తారు. అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది, ఆర్కిడ్ కొమ్మ మీద కూర్చుంటుందే తప్ప ఏమీ పీల్చదు. కోసి పారేసే ముందు ఆ తేడా చూడండి.

ఆర్ద్ర ఆకురాల్చు అడవి. ఉత్తరాంధ్ర కొండల్లో, పాపికొండల్లో విస్తారంగా ఉండేది ఇదే. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి, విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. కొండతంగేడు, నల్లమద్ది, వేగిస, పూసుగు, గరుగ, వెదురు ఇక్కడి పెద్ద కుటుంబాలు. అడ్డతీగ కూడా ఈ అడవిదే. మనం విస్తరాకుగా కుట్టుకునే అడ్డాకు దీనిదే. అడ్డతీగల అన్న ఊరి పేరు వింటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ తీగ.

శుష్క ఆకురాల్చు అడవి. నల్లమల, అమ్రాబాద్, శేషాచలం, వెలికొండల్లో ఎక్కువ భాగం ఇదే. ఇందులోనే మళ్ళీ టేకు ఉన్నది, ఎర్రచందనం ఉన్నది, రెండూ లేని మిశ్రమం అని ఉపరకాలు. ఎర్రచందనం అడవికి ఆ వర్గీకరణలో విడిగా ఒక సంకేతమే ఉంది. ఒక్క జాతి ఒక అడవి రకానికి పేరైపోవడం మాటలా?

ముళ్ళ పొదల అడవి. కొండ అడుగున, వాన తక్కువ పడే చోట ఉంటుంది. చండ్ర, రేగు, బలుసు, కలివి. చూసేవాళ్ళకు ఇది పాడుబడ్డ భూమిలా ఉంటుంది, "ఇక్కడ మొక్కలు నాటితే బాగుండు" అనిపిస్తుంది. నాటకండి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది ఇలాంటి పొదల్లోనే. పొదల మధ్య ఖాళీ నేల ఉండాలి దానికి. దట్టంగా చెట్లు పెంచితే ఆ పిట్టకు చోటు లేనట్టే.

వీటితోపాటు కొండల నెత్తిన గడ్డి మైదానాలుంటాయి. గాలికొండ లాంటి బాక్సైట్ కొండల పైభాగం చూసినవాళ్ళకు తెలుస్తుంది: పైన గట్టి రాతి పొర, దాని మీద జానెడు మట్టి, గాలి. చెట్టు వేరు దిగదు. గడ్డి, కొండ ఈత పొట్టిగా నిలబడతాయి. ఇది చెట్లు నరకడం వల్ల వచ్చిన ఖాళీ అనుకునేరు, చాలాచోట్ల నేల తీరే అంత.

సాల అడవి మన దగ్గర ఉందా?

ఉంది, ఉత్తరపు అంచున. ఒడిశా వైపు నుంచి సాల అడవులు ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఆగిపోతాయి. దేశంలో ఈ చెట్టు దక్షిణపు హద్దుల్లో ఇదొకటి. అక్కడి నుంచి కిందికి వస్తే టేకు ఎక్కువవుతుంది.

సాలకు దక్షిణాన చుట్టాలున్నారు. శేషాచలంలో తంబ అని ఒక చెట్టు ఉంది, సాలదీ దానిదీ ఒకే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు. దాని శాస్త్రీయ నామం షోరియా తుంబుగ్గాయ. రెండో ముక్క తెలుగు పేరు నుంచి తీసుకున్నదే.

శాస్త్రీయ నామాల్లో తెలుగు మాటలు ఎలా వచ్చాయి?

విలియం రాక్స్‌బర్గ్ పుణ్యం. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి, చుట్టుపక్కల కొండల మొక్కలు సేకరించాడు. స్థానికులను పేరు అడిగేవాడు, చిత్రకారులతో బొమ్మలు గీయించేవాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళిపోయాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన మూడు సంపుటాలు 1795 నుంచి వెలువడ్డాయి, అందులో 300 బొమ్మలున్నాయి. గరుగ చెట్టు ప్రజాతి పేరు గరుగ అనే ఉంది, సోమిద చెట్టు సోయ్‌మిడా అయింది. ప్రపంచంలో ఏ మూల వృక్షశాస్త్రజ్ఞుడైనా ఆ చెట్ల పేరు పలికితే తెలుగు పలికినట్టే. ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఒకే కొండకు రెండు పక్కలా రెండు రకాల అడవి ఎందుకుంటుంది?

ఎండ, వాన, రాయి. ఈ మూడింటితో చాలావరకు తేలిపోతుంది.

దక్షిణం, పడమర వైపు వాలులకు మధ్యాహ్నపు ఎండ నేరుగా తగులుతుంది, నేల త్వరగా ఎండిపోతుంది. ఉత్తరం, తూర్పు వాలులు కాస్త చల్లగా ఉంటాయి. అటువైపు వెదురు, తీగలు దట్టం. ఎండ వాలుల్లో చిరుమాను, తపసి, కొండగోగు.

వాన సంగతి. ఉత్తరాంధ్ర కొండలకు నైరుతి వాన బాగా పడుతుంది. శేషాచలానికి నైరుతి సగమే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య వాన దానికి తోడవుతుంది. ఏడాది మొత్తం కలిపి ఎంత పడిందన్నది ఒక్కటే చూస్తే పొరపాటు. ఎన్ని నెలలు పొడిగా గడిచింది అన్నది చెట్టుకు ముఖ్యం.

రాయి విషయం చాలామంది వదిలేస్తారు. ఉత్తరాన ఖొండలైట్, చార్నొకైట్ రాళ్ళు. ఖొండలైట్ అన్న పేరే ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది. ఇది కరిగి లోతైన ఎర్రమట్టి అవుతుంది, వేరు బాగా దిగుతుంది. నల్లమల, శేషాచలాల్లో క్వార్ట్‌జైట్, పలకరాయి. క్వార్ట్‌జైట్ అంత తేలిగ్గా కరగదు. మట్టి పల్చన, నెరియల్లో మాత్రం నీరు. ఆ నెరియల్లోకి వేరు దింపగల చెట్టే అక్కడ నిలుస్తుంది.

అందుకేనా ఎర్రచందనం అక్కడే పెరుగుతుంది?

కారణాల్లో అదొకటి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా కడప, తిరుపతి, అన్నమయ్య, నెల్లూరు జిల్లాల కొండల్లో, వాటిని ఆనుకున్న కొద్ది ప్రాంతంలో. రాళ్ళ వాలు, పల్చని మట్టి, రెండు రుతుపవనాల మధ్య పొడి కాలం దీనికి పడతాయి. నారు పోసి వేరే చోట నాటినా బతుకుతుంది, కానీ చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. కష్టాల్లో నిదానంగా పెరిగిన చెట్టుకే మంచి చేవ అని కొండ దగ్గరివాళ్ళ మాట.

గుర్తు పట్టడం తేలికే. ఒక్కో ఆకులో మూడు గుండ్రటి చిన్నాకులు, కాయ చుట్టూ పల్చటి రెక్క, గాలికి బిళ్ళలా తిరుగుతూ పడుతుంది. దీని అన్నలాంటి వేగిసకు చిన్నాకులు అయిదు నుంచి ఏడు; కాయ అదే తీరు. వేగిస మాను మీద గాటు పెడితే నెత్తురులా ఎర్రని బంక కారుతుంది. ఇంకోమాట: ఎర్రచందనానికి వాసన లేదు. శ్రీగంధంతో కలిపి గందరగోళపడేవాళ్ళు చాలామంది.

1995 నుంచి ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అడవి నుంచి లావు చెట్లు పోతే మిగిలేది మొదళ్ళ నుంచి లేచిన చిగుళ్ళ గుంపు. పేరుకు ఎర్రచందనం అడవే, తీరు మాత్రం మారిపోతుంది: పందిరి తెరుచుకుని, ఎండ నేల దాకా దిగి, గడ్డి పెరిగి, ఆ గడ్డికి వేసవిలో నిప్పు అంటుకుంటుంది.

మరెక్కడా లేని మొక్కలు ఇంకేమున్నాయి?

శేషాచలం ఒక్కటి చాలు ఆశ్చర్యపోవడానికి. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడి పేరిత చూడండి. ఈతచెట్టులా కనిపించే సైకస్ ఇది. పూలూ కాయలూ పుట్టకముందు కాలం నాటి వంశం. ఆడ, మగ మొక్కలు వేరువేరు. గడ్డి ఉన్న ఎండ వాలుల్లో ఉంటుంది, మంట వచ్చినా మందపాటి మొండెం కాపాడుతుంది, మళ్ళీ ఆకు వేస్తుంది. మగ శంకువులను మందుకోసం కోసుకుపోవడంతో ఆడ మొక్కకు పుప్పొడి అందదు. సైటిస్‌లో ఇది మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి నుంచి తీసి వ్యాపారం చేయడానికి వీల్లేదు.

తెల్లకరక, కొండసాంబ్రాణి, మొగి, కొండ కొత్తిమీర కూడా ఈ కొండలవే. కొండ కొత్తిమీర శాస్త్రీయ నామంలో తిరుపతి పేరుంది. నల్లమల పేరు మోసుకుని తిరిగే మొక్క కూడా ఉంది, ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా. మన నేలవేముకు చెల్లెలు లాంటిది.

అలిపిరి నుంచి కాలినడకన తిరుమల ఎక్కేవాళ్ళు 3,550 మెట్లు ఎక్కుతారు. తలవంచుకుని మెట్లు లెక్కపెట్టే బదులు, ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడల్లా పక్కకు చూడండి. అడుగున ముళ్ళ పొదలు, పైకెళ్ళేకొద్దీ ఆకురాల్చే చెట్లు, లోయ మడతల్లో పచ్చదనం. ఒక్క పూటలో మూడు సముదాయాలు కంటబడతాయి.

ఎత్తు పెరిగేకొద్దీ జాతులు తగ్గుతాయా?

1802లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ ఆండీస్‌లో చింబొరాజో పర్వతం చాలా ఎత్తు దాకా ఎక్కి, ఎత్తును బట్టి మొక్కలు పట్టీలు పట్టీలుగా మారడం చూసి బొమ్మగా గీశాడు. అప్పటి నుంచి అడుగుతున్న ప్రశ్న ఇది. చాలా పర్వతాల్లో నేరుగా తగ్గడం కాకుండా, మధ్య ఎత్తులో పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది. కింద ఎండ, పైన చలి, మధ్యలో తేమ. కింది జాతులూ పై జాతులూ కలిసేదీ అక్కడే.

మన కొండల్లో ఇంకో కారణం ఉంది: కింద మనుషులం ఉన్నాం. అడుగు వాలులన్నీ పొలం, మేత, వంటచెరకు కింద వెళ్ళిపోయాయి. మధ్యలో జాతులు ఎక్కువ కనిపించడంలో వాతావరణం వాటా ఎంత, గొడ్డలి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం.

నీలగిరుల్లో చెప్పే షోలా అడవులు ఇక్కడ ఉన్నాయా?

లేవు. షోలా అంటే ఎత్తైన గడ్డి కొండల మధ్య, లోయ గుంతల్లో ఒదిగిన పొట్టి సతత హరిత అడవి. అది సుమారు 1,700 మీటర్ల పైన మొదలవుతుంది. నీలగిరుల్లోని దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. మన శిఖరాలు ఆ గడప దగ్గరే ఆగిపోయాయి. లంబసింగిలో చలికాలపు పొగమంచు చూసి షోలా అని రాసేస్తుంటారు. చలి ఒక్కటే ఉంటే షోలా అయిపోదు.

వైవిధ్యాన్ని ఎలా కొలుస్తారు? అడవంతా లెక్కపెడతారా?

లేదు, నమూనా గడులు వేస్తారు. తాడుతో ఒక చదరం కట్టి, అందులో ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టునూ టేపుతో కొలిచి, పేరు రాసి, నంబరు బిళ్ళ కొడతారు. పొదలకు చిన్న గడి, గడ్డికి ఇంకా చిన్నది.

తర్వాత ప్రతి జాతికీ మూడు సంగతులు లెక్కిస్తారు: ఎన్ని చెట్లున్నాయి, ఎన్ని గడుల్లో కనిపించింది, మానుల లావు మొత్తం ఎంత. మూడూ శాతాల్లో కలిపితే ప్రాముఖ్య సూచిక. అన్ని జాతులవీ కూడితే 300 వస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చిన రెండు మూడు జాతుల పేరుతోనే సముదాయాన్ని పిలుస్తారు.

జాతుల సంఖ్య ఒక్కటే చూస్తే ఎలా మోసపోతామో ఒక ఊహాలెక్క. రెండు గడులు, ఒక్కోదానిలో వంద చెట్లు, పది జాతులు. మొదటి దానిలో ప్రతి జాతికీ పది చెట్లు. రెండోదానిలో ఒక్క టేకే 91, మిగతా తొమ్మిది జాతులకూ ఒక్కో చెట్టు. జాబితా రాస్తే రెండూ సమానమే. షానన్ సూచిక (జాతులు ఎన్ని అన్నదానితోపాటు చెట్లు వాటి మధ్య ఎంత సమానంగా ఉన్నాయో కూడా చూసే లెక్క) వేస్తే మొదటిది 2.30, రెండోది 0.50. రెండో గడిలో ఆ తొమ్మిది ఒంటరి చెట్లు పోతే వైవిధ్యం సున్నా.

ఆకు లేని కాలంలో చెట్టును ఎలా గుర్తుపట్టాలి?

మాను చూసి. నేను ఇందులో పరువు పోగొట్టుకున్నవాణ్ణే. మొదట్లో ఒక ఏప్రిల్‌లో నల్లమలలో గడి వేసి, తెల్లగా నున్నగా నిలబడ్డ పదకొండు చెట్లను "ఎండినవి" అని రాసుకున్నాను. దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన పక్కన కూర్చుని చూస్తూ ఊరుకున్నాడు. సాయంత్రం కాగితం చదివి వినిపిస్తే నవ్వి, "గోరుతో గీకు సారూ" అన్నాడు. గీకాను. కాగితంలాంటి పై పొర కింద పచ్చగా ఉంది. అవన్నీ తపసి చెట్లు. వేసవిలో ఆకు లేకుండా అలాగే ఉంటాయి, బంక కూడా ఆ కాలంలోనే ఇస్తాయి. ఆ రోజు రాసిన పట్టీ మొత్తం మళ్ళీ రాయాల్సి వచ్చింది.

కొన్ని గుర్తులు చెబుతాను. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. తెల్లమద్ది నున్నగా, లేత బూడిద రంగులో, పలకలుగా ఊడుతుంది. అది వాగు ఒడ్డునే ఎక్కువ. చిరుమాను కూడా నునుపే, కానీ పొడి వాలులో ఉంటుంది. అంటే తెల్లటి నున్నటి మాను చూసినప్పుడు ముందు కాళ్ళ కింద నేల చూడాలి: నీటి పక్కనైతే ఒక పేరు, రాళ్ళ మీదైతే ఇంకో పేరు. కొండగోగు ఆకు లేకపోయినా పసుపుపచ్చటి పెద్ద పూలతో ఇట్టే దొరికిపోతుంది. కొడిశ ఆకు మాత్రం నోట్లో పెట్టి రుచి చూడకండి, ప్రాణాంతకం.

వెదురు అంతా ఒకేసారి ఎండిపోయింది. తెగులా?

పూసి ఉంటుంది. ఒక ప్రాంతంలో వెదురు దశాబ్దాలకు ఒకసారి కట్టగట్టుకుని పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. ఆ గింజలే వెదురు బియ్యం, మన్యంలో వండుకుంటారు. పందిరి తెరుచుకున్న ఆ రెండు మూడేళ్ళలో ఏ మొలక ముందు లేస్తే అక్కడి అడవి తీరు అలా తిరుగుతుంది. వెదురు మొలకలు లేచేదాకా మేతనూ మంటనూ ఆపగలిగితే చాలు.

పోడు వల్లే అడవి పోతోందంటారు, నిజమా?

ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పేవాళ్ళను నేను నమ్మను. కొండ వాలులో చెట్లు నరికి, కాల్చి, రెండు మూడేళ్ళు సామ, కొర్ర, చోడి, కంది వేసి, వదిలేసి ఇంకో చోటికి వెళ్ళడం పోడు. వదిలేసిన చోటికి పదిహేను ఇరవై ఏళ్ళ దాకా తిరిగి రాకపోతే అడవి చాలావరకు కోలుకుంటుంది. మూడేళ్ళకే తిరిగొస్తే మిగిలేవి మొదలు నుంచి చిగిర్చే మొండి జాతులే: కొడిశ, తునికి లాంటివి.

పోడు చేలో నిలబడి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అన్నీ నరకరు. ఇప్ప, మామిడి, పనస, చింత, జీలుగు వదిలేస్తారు. పూవు, పండు, కల్లు ఇచ్చే చెట్టు ఆ ఇంటి ఆస్తి. పోడు వదిలేశాక పిట్టలు వాలేది వాటి మీదే, గింజలు పడేది వాటి కిందే. ఆ చెట్ల చుట్టూ కొత్త అడవి గుండ్రంగా మొదలవుతుంది.

తిరిగొచ్చే గడువు ఎందుకు తగ్గింది? తెల్లవాళ్ళు 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో కొండలకు హద్దురాళ్ళు పాతారు. 1922-24 రంప పోరాటానికి ఉన్న కారణాల్లో పోడు మీద ఆంక్షలు ఒకటి. తిరిగే జాగా తగ్గి, జనం పెరిగితే గడువు తగ్గక ఏమవుతుంది?

కాఫీ తోటను అడవిగా లెక్కించవచ్చా?

నీడ కింద పెరిగే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోడికొండ కంటే, ఏటా కాల్చే వాలు కంటే కాఫీ తోట ఎన్నో రెట్లు నయం, మట్టిని ఆపుతుంది. కానీ నీడ ఎవరిది అన్నది చూడాలి. చాలా తోటల్లో పైన ఉన్నది సిల్వర్ ఓక్, ఆస్ట్రేలియా చెట్టు, నిటారుగా పెరిగి మిరియాల తీగకు స్తంభంలా పనికొస్తుంది. అలాంటి తోట దూరం నుంచి పచ్చగా ఉంటుంది, లోపల రెండు జాతులు. పనస, మామిడి, కరక, నేరేడు కింద వేసిన తోటలూ ఉన్నాయి. అక్కడ ఆర్కిడ్‌లు, తీగలు, పిట్టలు దర్శనమిస్తాయి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. కాఫీ కోసం కింది పొదలు, మొలకలు ఏటా తీసేస్తారు కాబట్టి, రేపటి పెద్ద చెట్టు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఉంది.

బయటి నుంచి వచ్చిన కలుపు ఎంత దూరం చేరింది?

లాంటానా దాదాపు అన్ని చోట్లా ఉంది. రోడ్డు అంచున మొదలై, ఎండ పడే ప్రతి సందులోకీ దూరుతుంది. పిట్టలు పండు తిని గింజ మోస్తాయి. దట్టమైన నీడ దానికి పడదు, అందుకే పందిరి చెడని అర్ధ సతత హరిత అడవిలో తక్కువ. కొండ దారి వెంట లాంటానా ఎక్కడ ఆగిందో చూస్తే అడవి ఎక్కడి నుంచి బాగుందో తెలుస్తుంది.

ఈ కొండచెట్లకూ మన బొమ్మలకూ సంబంధం ఉందట?

ఉంది. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు. రెండూ ఆకురాల్చు అడవి చెట్లే, రెండింటిదీ మెత్తటి తేలిక కర్ర. గుడి ధ్వజస్తంభానికి వాడే నారేపి మాత్రం వీటికి పూర్తిగా వ్యతిరేకం, ఇనుములా గట్టి. పొణికి రాళ్ళ వాలులో పల్చగా ఉండే చెట్టు, ఎక్కడా గుంపుగా దొరకదు. అందుకే బొమ్మలవాళ్ళకు కర్ర కరవు.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

సముదాయాల హద్దులు చూడాలంటే మార్చి. ఆ నెలలో మోదుగ పూసి ఉంటుంది, ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారుజామున ఇప్పచెట్టు కిందికి ఎలుగుబంటి కూడా వస్తుంది, వెలుగొచ్చాక వెళ్ళండి. ఆర్కిడ్‌లు, నేల మీది చిన్న మొక్కలు కావాలంటే జూలై నుంచి సెప్టెంబరు, జలగలతో సహా. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. స్థానికుణ్ణి ఒకరిని వెంట తీసుకెళ్ళి, ఆయన కూలి ముందే మాట్లాడుకోండి, చెట్టు పేరు ఆయన చెప్పినట్టే రాసుకోండి.

మా ఊరి గుట్ట మీద అడవి పెంచాలనుకుంటున్నాం. ఏం నాటాలి?

ముందు ఏడాది ఏమీ నాటకండి. మేత, మంట ఆపి, ఏం లేస్తుందో చూడండి. మొద్దుల్లోనూ మట్టిలోనూ పాత అడవి దాక్కుని ఉంటుంది. లేచినవాటి పేర్లు రాసుకోండి. ఖాళీగా మిగిలిన చోట, అయిదారు మైళ్ళలో అదే రాయి, అదే వాలు ఉన్న ఇంకో గుట్ట మీద ఏవి జట్టుగా ఉన్నాయో చూసి, వాటి గింజలే తెచ్చి వేయండి. పొడి వాలుకు చిరుమాను, ఉసిరి, మొర్రి. మడతల్లో నేరేడు, తెల్లమద్ది. గుంతలు తీయడం మే నెలలో, నాటడం మొదటి రెండు వానలు పడ్డాక. గుట్ట అడుగున కలివి, రేగు పొదలుంటే వాటిని అలాగే వదిలేయండి.